చేయి ఎత్తితే లేవని జాకెట్టు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఒక అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాల్లో, కుట్టు కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఆదివారం మధ్యాహ్నం చెప్పిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు కాస్త ఇటు జరగండమ్మా, అక్కడ ఎండ పడుతోంది. సరే, మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. లేవక్కర్లేదు, కూర్చున్నచోటే రెండు చేతులూ పైకెత్తండి. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు తీగ అందుకుంటాం చూడండి, అలాగ. సగం కాదు, పూర్తిగా ఎత్తండి. ఇప్పుడు చెప్పండి, ఎంతమందికి జాకెట్టు కింది అంచు పైకి లేచిపోయింది? ఎంతమందికి చంక దగ్గర బిగుసుకుని చేయి సగంలోనే ఆగిపోయింది?

చూశారా. దాదాపు అందరికీ. చేతులు దించగానే అందరూ చేసిన పని కూడా చూశాను, జాకెట్టు కిందికి లాక్కున్నారు. రోజుకి ఎన్నిసార్లు లాక్కుంటామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సింహాచలం బస్సులో నిలబడి పై రాడ్ పట్టుకున్నప్పుడు, జడ వేసుకున్నప్పుడు, అటక మీది డబ్బా దించినప్పుడు. మనకి ఇది ఎంత అలవాటైపోయిందంటే జాకెట్టు అంటే ఇలాగే ఉంటుంది అనుకుంటాం. ఉండదు. ఇలాగే ఉండక్కర్లేదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్కదాని గురించే. చేయి ఎత్తితే లేవని జాకెట్టు ఇంట్లో మనం ఎలా కుట్టుకోవాలి, కుట్టుకున్నాక దాన్ని ఎలా అందంగా వేసుకోవాలి.

గుడ్డ సంగతి ముందు. గుడ్డ కొనడానికి ఎక్కడికీ వెళ్ళకండి. అవును, పూర్ణా మార్కెట్ వైపు మళ్ళీ వెళ్దాం, అది రెండో జాకెట్టుకి. మొదటి జాకెట్టుకి గుడ్డ మీ బీరువాలోనే ఉంది. పేరంటాల్లో, వరలక్ష్మీ వ్రతానికి, గృహప్రవేశాలకి తాంబూలంలో పెట్టి ఇచ్చిన జాకెట్టు ముక్కలు ఎన్ని ఉన్నాయి? పది? ఇరవై? ఆవిడెవరో నలభై అంటున్నారు. మనకి వచ్చినవి మనం ఇంకొకరికి ఇస్తాం, వాళ్ళు ఇంకొకరికి ఇస్తారు, పాపం ఆ ముక్క ఊరంతా తిరుగుతుంది కానీ ఎవరి ఒంటి మీదకీ ఎక్కదు. అందులోంచి ఒకటి తీయండి. పసుపు మరక ఉన్నా పర్వాలేదు, ఆ చోటు తప్పించి కత్తిరించవచ్చు. పాడైపోతుందేమో అన్న భయం లేకుండా కత్తెర పెట్టగలగాలి, మొదటి జాకెట్టుకి కావలసింది అదే.

ఒక్కటి చూసుకోండి, అది నూలుదై ఉండాలి. గుడ్డ అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లకి చూపించండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద మెత్తగా పొడైపోతే నూలు. కరిగి గట్టి ఉండలాగా అయిపోతే అందులో పాలిస్టర్ ఉంది. మన ఊరి ఉక్కపోతకి పాలిస్టర్ జాకెట్టు ఎంత బాగా కుట్టినా హాయిగా ఉండదు, చెమట పీల్చదు కదా. షాపులో అడిగి కొనేటప్పుడైతే టూ బై టూ అని అడుగుతాం, అందరికీ తెలిసిన మాటే. దాని అర్థం ఎంతమందికి తెలుసు? పడుగులోనూ పేకలోనూ, అంటే నిలువు దారాల్లోనూ అడ్డం దారాల్లోనూ, రెండేసి పోగులు కలిపి మెలిపెట్టిన దారం వాడారని. అందుకే పల్చగా కనిపించినా గట్టిగా ఉంటుంది, కుట్టు దగ్గర పిగలదు. కొత్తవాళ్ళకి అంతకంటే మంచి గుడ్డ లేదు. ఈ బల్ల మీద పెట్టాను చూడండి, ఇది పొందూరు ఖాదీ. మన శ్రీకాకుళం జిల్లాదే. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేస్తారు. ముట్టుకుని చూడండి, అందరికీ పంపిస్తాను. ఇంత పని చేసిన గుడ్డ మీద మొదటి కత్తెర పెట్టకండి, మూడో జాకెట్టుకి దాచుకోండి.

ఏ నూలు గుడ్డైనా కత్తిరించే ముందు తడపాలి. ఇది చాలామంది వదిలేస్తారు. రాత్రి ఒక బకెట్టు నీళ్ళలో నానబెట్టి, పొద్దున్న పిండకుండా నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. లైనింగ్ వేస్తే లైనింగ్ గుడ్డ కూడా. కాదు, లైనింగే ముఖ్యంగా. నా పెళ్ళికి ముందు ఒక పట్టు జాకెట్టు బయట కుట్టించాను. మొదటి రోజు అద్దంలా ఉంది. ఒక్కసారి తడిపాక లోపలి లైనింగ్ కుదించుకుపోయింది, పట్టు అలాగే ఉంది, ఇంకేముంది, వీపు మీదంతా బుడగలు. ఇస్త్రీ చేసినా పోలేదు. కుట్టినవాళ్ళని అడిగితే గుడ్డది తప్పన్నారు, గుడ్డ షాపువాళ్ళు కుట్టుది తప్పన్నారు. ఒక్క రాత్రి బకెట్టు నీళ్ళలో వేసి ఉంటే అయిపోయేది. ఇప్పటికీ ఆ జాకెట్టు చూస్తే బాధగా ఉంటుంది నాకు.

ఇప్పుడు కొలతలు. ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే జాకెట్టంతా ఇక్కడే ఉంది. మనం టైలరుకి ఏం ఇస్తాం? ఆది జాకెట్టు ఇస్తాం. "దీని కొలతకే కుట్టండి, నడుం దగ్గర కాస్త వదులు చేయండి" అంటాం. ఆ ఆది జాకెట్టు ఎప్పటిది? నాలుగేళ్ళ కిందటిది. అది ఎవరి ఆదికి కుట్టారు? దానికి ముందు ఆది జాకెట్టుకి. అంటే మన ఒంటిని ఎవరూ కొలవలేదు. ఎప్పుడో ఎవరో చేసిన పొరపాటుని మనం పదేళ్ళుగా కొత్త గుడ్డ మీద మళ్ళీ మళ్ళీ కుట్టించుకుంటున్నాం. ఆలోచించండి ఒక్కసారి.

కాబట్టి టేపు తీసుకోండి. ఇంట్లో చెల్లినో కూతుర్నో కొలవమనండి, సొంతంగా కొలుచుకుంటే టేపు వెనక జారిపోతుంది. ఛాతీ చుట్టూ, జాకెట్టు కింది అంచు వచ్చే చోట చుట్టూ, భుజం నుంచి భుజానికి, జాకెట్టు పొడవు, చేయి పొడవు, చేయి చుట్టూ. ఇవి అందరికీ తెలిసినవే. ఇంకో రెండు ఉన్నాయి, ఎవరూ తీసుకోనివి. ఒకటి, మెడ పక్కన భుజం మీది నుంచి రొమ్ము మొన వరకు ఎంత, ఆ మొన నుంచి ఈ మొనకి ఎంత. సిగ్గుపడకండి, మనం అందరం ఆడవాళ్ళమే ఉన్నాం, ఆ కొలత లేకపోతే డాట్లు, అంటే ఛాతీ దగ్గర గుడ్డకి ఆకారం రావడానికి వేసే మడత కుట్లు, ఎక్కడ పడాలో తెలియదు. రెండోది చంక లోతు. చంకలో ఒక స్కేలు అడ్డంగా పెట్టుకుని చేయి మామూలుగా దించండి, థర్మామీటరు పెట్టుకున్నట్టు. స్కేలు నేలకి సమంగా ఉండాలి. ఇప్పుడు భుజం మీది నుంచి ఆ స్కేలు వరకు కొలవండి. మీకు ఎంతొస్తే అంతకి అర అంగుళం కలపండి. అంతే. అంతకంటే ఎక్కువ దించకండి.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నాను? మనందరికీ ఒక నమ్మకం ఉంది. చంక బిగుతుగా ఉంటే చంకని ఇంకా కిందికి కోసేస్తే హాయిగా ఉంటుందని. అది తిరగబడుతుంది. దీన్ని చూడండి. ఈ రెండు జాకెట్లూ ఒకే గుడ్డ, ఒకే ఛాతీ కొలత. దీనికి చంక లోతుగా కోశాను, దీనికి కోయలేదు. మీరు వేసుకుని చేయి ఎత్తారనుకోండి, లోతుగా ఉన్నదానిలో చేయి, పక్క కుట్టు రెండూ చాలా కింద కలుస్తాయి. చేయి లేస్తే ఆ కలిసిన చోటు కూడా పైకి లేవాలి, దానితో పాటు జాకెట్టు మొత్తం లేస్తుంది. చంక మన చంకకి దగ్గరగా ఉన్నదానిలో, చేయి లేచినా పక్క కుట్టు పెద్దగా కదలదు. జాకెట్టు ఉన్నచోటే ఉంటుంది. అమ్మా, మీరు ఒకసారి వచ్చి ఈ రెండూ మీ జాకెట్టు మీదే తొడుక్కుని చేయి ఎత్తి చూపిస్తారా? రండి. ఇది... ఇప్పుడు ఇది. తేడా చూశారా? ఒకటి మూడు వేళ్ళు లేచింది, రెండోది వేలెడు కూడా లేవలేదు. గుడ్డ అదే, మనిషి అదే.

మా అమ్మమ్మ రవికలకి చంక కింద నలుచదరంగా చిన్న ముక్క ఉండేది. చిన్నప్పుడు గుడ్డ చాలక అతుకు వేశారనుకునేదాన్ని. ఆ ముక్క ఎందుకో నేను కుట్టు నేర్చుకున్న చాలా ఏళ్ళకి తెలిసింది. అది మూలమీదుగా వచ్చేట్టు అతికిస్తారు. చేయి దించినప్పుడు మడిచిపోయి కనిపించదు, ఎత్తినప్పుడు విప్పుకుంటుంది. బావిలో నీళ్ళు తోడేవాళ్ళు, రోలు ముందు కూర్చునేవాళ్ళు కదా, వాళ్ళకి చేయి ఆడకపోతే ఎలా? మనం బావి మానేశాం, ఆ ముక్క కూడా మానేశాం. కానీ చేయి ఎత్తడం మానలేదు.

సరే, కాగితం మీదికి వద్దాం. పాత న్యూస్ పేపరు, సుద్దముక్క, స్కేలు. ముప్ఫై ఆరు ఛాతీ అనుకుని చెప్తాను, మీ కొలతకి మీరు మార్చుకోండి. వెనక భాగం ముందు. కాగితాన్ని మడత పెట్టి, ఆ మడత వీపు మధ్య అనుకోండి. పొడవు 14 అంగుళాలైతే, పైన భుజం కుట్టుకి అర అంగుళం, కింద మడతకి ఒక అంగుళం, మొత్తం 15½. భుజం 14కి సగం 7. అందులో మెడ వెడల్పు 2¾. భుజం చివర ముప్పావు అంగుళం దించి గీత గీయండి, మన భుజాలు బల్లలాగా సమంగా ఉండవు కదా, వాలు ఉంటుంది. చంక లోతు మీ స్కేలు కొలత ప్రకారం, నాకైతే 6½ వస్తుంది. ఛాతీ దగ్గర 36లో నాలుగో వంతు 9, వదులుకి అర, కుట్టు లోపల వదిలే గుడ్డకి 1½, మొత్తం 11.

ఆ ఒకటిన్నర అంగుళం దగ్గర ఆగుదాం. కొత్తవాళ్ళు ఇక్కడే పీనాసితనం చేస్తారు. ఎందుకు వదలాలో నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. మీలో చాలామంది ఇక్కడే ఉండి ఉంటారు. ఆ ఆదివారం గాలి అయిపోయాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు, వీధిలో చెట్లన్నీ అడ్డంగా పడి ఉన్నాయి. ఇంట్లో పనిచేసిన ఒకే ఒక్క యంత్రం మా అమ్మ కాలు మిషను. దానికి కరెంటు అక్కర్లేదు కదా. అప్పటిదాకా నేను దాని మీద దిండు గలీబులు తప్ప కుట్టలేదు. ఏం తోచక అమ్మ పాత జాకెట్టు ఒకటి తీసి, అది ఎలా కుట్టారో చూద్దామని కుట్లన్నీ విప్పడం మొదలుపెట్టాను. కిటికీ దగ్గర కూర్చుని, బ్లేడుతో, ఒక్కో కుట్టూ. పక్క కుట్టు విప్పితే లోపల రెండేసి అంగుళాల గుడ్డ ఉంది. బయట గుడ్డ వెలిసిపోయింది, లోపలిది మాత్రం కొత్త కుంకుమ రంగులో అలాగే ఉంది. ఆ కొత్త రంగు మీద సూది కన్నాలు వరుసగా, ఒక వరుస కాదు, మూడు వరుసలు. పక్కపక్కన, అర అంగుళం దూరంలో. అమ్మని పిలిచి అడిగాను, ఇవేంటని. వేలు పెట్టి చూపించింది. ఇది పెళ్ళికి. ఇది నువ్వు పుట్టాక. ఇది తమ్ముడు పుట్టాక. మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టుకుంది, జాకెట్టు మాత్రం ఒకటే. రెడీమేడ్ జాకెట్టు లోపల ఇప్పుడు చూడండి, పావు అంగుళం గుడ్డ ఉండి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసేసి ఉంటుంది. రెండు కిలోలు పెరిగితే ఇక అది మనకి పనికిరాదు.

అందుకే వదలండి. తక్కువలో తక్కువ ఒకటిన్నర, రెండైనా వదలండి.

ముందు భాగం. వెనక భాగం కాగితమే పెట్టి గీయండి, కానీ మూడు మార్పులు. మెడ 6 అంగుళాలు దించాలి. చంక వంపు ముందు వైపు అర అంగుళం లోపలికి ఎక్కువ కోయాలి, ఎందుకంటే మన చేతులు ముందుకే కదులుతాయి, అక్కడ గుడ్డ ఎక్కువైతే ముడతలు పడుతుంది. మూడోది, ముందు భాగం వెనకదానికంటే అంగుళం పొడవు ఉండాలి. ఎందుకో చెప్పగలరా ఎవరైనా? ఆ, అదే. పక్క డాట్‌లో అంగుళం మడత వెళ్ళిపోతుంది. మడత పెట్టాక వెనకా ముందూ పక్క కుట్టు సమం అవుతుంది. ఈ అంగుళం వదలనందుకే చాలామంది మొదటి జాకెట్టు ముందు పొట్టిగా వెనక పొడుగ్గా వస్తుంది.

డాట్లు రెండు చాలు. కింది నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. క్రాస్ కట్, కటోరి, ప్రిన్సెస్ కట్ లాంటి వేరే కోతలన్నీ తర్వాత. డాట్ మొన రొమ్ము మొనని తాకకూడదు, అంగుళం ముందే ఆగిపోవాలి. తాకితే గుడ్డ అక్కడ కోసుగా నిలబడుతుంది, ఎంత మంచి గుడ్డైనా బాగుండదు. డాట్ కుట్టేటప్పుడు వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి సన్నగా చివరికి రండి, చివర రివర్స్ కుట్టు వేయకండి, దారం వదిలేసి చేత్తో ముడి వేయండి. రివర్స్ వేస్తే ఆ చివర గుల్ల పడుతుంది.

చేతులు. చేతికి పైన కొండలాగా వంపు ఉంటుంది కదా. ఆ కొండ ఎత్తుగా ఉంటే చేయి దించినప్పుడు ఒక్క ముడత లేకుండా ఫోటోలో చాలా బాగుంటుంది, కానీ చేయి ఎత్తలేం. కొండ తక్కువ ఎత్తులో ఉండి చేయి వెడల్పుగా ఉంటే దించినప్పుడు చిన్న ముడత వస్తుంది, ఎత్తితే హాయిగా లేస్తుంది. పెళ్ళికి వేసుకునేదానికి 3½ అంగుళాలు పెట్టండి, వంటింట్లో, ఆఫీసులో, బస్సులో తిరిగేదానికి 2¾ నుంచి 3 చాలు. నా మాటకొస్తే, ఆ చిన్న ముడతే నాకిష్టం. ఆ ముడత వెనక కదిలే మనిషి ఉంది. ఇంకో జాగ్రత్త, రెండు చేతులకీ ముందు వైపు వంపు ఎక్కువ లోపలికి ఉంటుంది. గుడ్డ మంచి వైపు మంచి వైపుకి ఎదురుగా మడిచి రెండూ ఒకేసారి కత్తిరించండి. విడివిడిగా కత్తిరిస్తే రెండూ కుడి చేతులే వస్తాయి, ఇంక గుడ్డ మిగలదు. కత్తిరించగానే ముందు వైపు సుద్దతో చిన్న గుర్తు పెట్టండి.

కాగితం గుడ్డ మీద పెట్టేటప్పుడు పడుగు నిలువుగా ఉండాలి, గుడ్డ అంచుకి సమాంతరంగా. పెడన కలంకారీ వేస్తుంటే అచ్చులు ఎటు చూస్తున్నాయో చూసుకోండి, నెమలి తలకిందులుగా వీపు మీద నిలబడకూడదు. అలాంటి గుడ్డ పావు మీటరు ఎక్కువ తీసుకోవాలి.

కుట్టు వరుస ఇదీ. ముందు డాట్లు. తర్వాత ముందు పట్టీలు. తర్వాత భుజాలు. తర్వాత మెడ. అప్పుడు చేతులు, పక్క కుట్టు ఇంకా వేయకుండానే, జాకెట్టు చదునుగా ఉండగానే. చివర్న చేతి అంచు నుంచి చంక మీదుగా నడుం దాకా ఒకే కుట్టు. ఇలా చేస్తే రేపు విప్పాలన్నా ఒకే కుట్టు విప్పితే చాలు, అమ్మ విప్పినట్టు. మిషనుకి 14 నంబరు సూది, నూలు దారం లేదా మామూలు పాలిస్టర్ దారం, అంగుళానికి 10 నుంచి 12 కుట్లు. మొదట పనికిరాని ముక్క మీద రెండు గీతలు కుట్టి చూసుకోండి. కింద దారం ఉండలు కడితే అందరూ కింది దారం చుట్టే బాబిన్‌ని తిడతారు, నిజానికి చాలాసార్లు పై దారం సరిగ్గా ఎక్కించకపోవడమే కారణం. ప్రెషర్ ఫుట్ పైకెత్తి మొదటి నుంచి మళ్ళీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం టెన్షన్ బిళ్ళల మధ్యలోకి వెళ్ళదు.

మెడ పట్టీ గురించి రెండు మాటలు. ఒకటింపావు అంగుళం వెడల్పు పట్టీ, గుడ్డకి ఏటవాలుగా, మూల నుంచి మూలకి కోసినది. నిలువుగా కోసిన పట్టీ గుండ్రటి మెడకి తిరగదు, ముడతలు పడి నిలబడిపోతుంది. ఏటవాలు పట్టీ సాగుతుంది, మెడ ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. కుట్టేటప్పుడు పట్టీని కొంచెం, చాలా కొంచెం లాగి పట్టుకోండి, అప్పుడు మెడ ఒంటికి అతుక్కుని కూర్చుంటుంది. కుట్టాక వంపు పొడవునా అర అంగుళానికొక గాటు, కుట్టు తెగకుండా. తర్వాత లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్. మిషను కుట్టు వేయవచ్చు కానీ చేతి హెమ్మింగ్ వేసిన మెడ ఎంత అందంగా ఉంటుందో ఒకసారి వేసి చూడండి.

హుక్కులు. హుక్కుల పట్టీ లోపలికి మడుస్తాం, కాజాల పట్టీ బయటికి ఉంటుంది. అందరూ పై నుంచి కిందికి సమానంగా కొలుచుకుని హుక్కులు కుడతారు, అందుకే సరిగ్గా ఛాతీ దగ్గర పట్టీ విచ్చుకుంటుంది, పిన్నీసు పెట్టుకోవాల్సి వస్తుంది. మొదటి హుక్కు ఛాతీ బాగా నిండుగా ఉన్న చోట కుట్టండి. అక్కడి నుంచి పైకీ కిందికీ కొలుచుకోండి. పిన్నీసు అక్కర్లేదు.

కుట్టడం అయింది. ఇక అందం సంగతి.

చీర మీద జాకెట్టు మనకి ఎప్పటి నుంచో ఉన్నట్టు అనిపిస్తుంది కానీ ఇప్పుడు వేసుకునే పద్ధతి అంత పాతది కాదు. టాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి 1860లలో భర్తతో బొంబాయి వెళ్ళి, అక్కడి పార్సీ ఆడవాళ్ళ కట్టు చూసి, చీర కింద జాకెట్టు, లంగా వేసుకునే పద్ధతిని బెంగాల్లో అలవాటు చేసింది. ఎందుకు? ఇంట్లోంచి బయటికి వచ్చి నలుగురిలో తిరగడానికి. అంటే జాకెట్టు బయటికి వెళ్ళడానికి పుట్టింది. అలాంటిది వేసుకున్నాక చేయి కదపలేకపోతే ఎలా చెప్పండి?

సింపుల్ జాకెట్టుకి అందం మూడు చోట్ల వస్తుంది, మెడ, చేతి అంచు, రంగు. మెడ దగ్గర ఒకటే మాట, వెనక లోతుగా కావాలంటే ముందు తక్కువ దించండి, మెడ వెడల్పు తగ్గించండి. వెనకా ముందూ లోతు, పైగా వెడల్పు పెట్టుకుంటే భుజాలు జారిపోతాయి, రోజంతా సర్దుకోవడమే. అయినా కావాలంటే వెనక మెడకి, భుజం కుట్టు నుంచి రెండు అంగుళాల కింద, తాళ్ళు కట్టండి, మిగిలిన గుడ్డతో కుచ్చులు చేసి వేలాడదీయండి. తాళ్ళు కూడా ఏటవాలు గుడ్డతోనే తిప్పాలి, లేకపోతే మెలికపడతాయి.

చేతి అంచుకి పాత పట్టుచీర అంచు. చీర చిరిగిపోయినా జరీ అంచు గట్టిగా ఉంటుంది. రెండు చేతులకీ కలిపి ముప్పావు మీటరు చాలు. మోచేతి వరకు చేతులు పెట్టి ఆ అంచు వేస్తే, ఎనభై సెంటీమీటర్ల మామూలు నూలు ముక్క పండగ జాకెట్టు అవుతుంది. ఇక్కడ ఒక్క ముక్క మాత్రం గుర్తుపెట్టుకోండి, చీరకి పెద్ద అంచు ఉంటే జాకెట్టుకి అంచు వద్దు. రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. అప్పుడు చీర అంచు రంగులో సన్నటి పైపింగ్, అంటే అంచున గీతలా కనిపించే పట్టీ, ఒకటి మెడకి, చేతికి, చాలు.

రంగు విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. ప్రతి చీరకీ మ్యాచింగ్ జాకెట్టు కుట్టించుకోవడం దండగ. నలుపు, మెరూన్, ఇటుక రంగు, ఆవపువ్వు పసుపు. ఈ నాలుగు రంగుల్లో ఒంటికి సరిగ్గా అమరిన నాలుగు జాకెట్లు ఉంటే బీరువాలో ఉన్న చీరల్లో సగానికి పైగా కట్టేసుకోవచ్చు. ఈ నేను కట్టుకున్న చీర మంగళగిరి, లేత ఆకుపచ్చ. జాకెట్టు ఇటుక రంగు, పేరంటంలో వచ్చిన ముక్క. నిన్న మా చెల్లెలు ఇదే జాకెట్టు బూడిద రంగు చీర మీద వేసుకుంది. ఆడపిల్లలున్నవాళ్ళు పొడవు రెండు అంగుళాలు పెంచి కుట్టండి, లంగా మీదకీ పనికొస్తుంది, జీన్స్ మీదకీ వేసుకుంటున్నారు, నేను కళ్ళారా బీచ్ రోడ్డులో చూశాను, చక్కగా ఉంది.

ఏదైనా అడగాలంటే అడగండి. ఆ చివర్న, మెరూన్ చీర ఆవిడ.

మంచి ప్రశ్న అడిగారు. అందరికీ వినపడలేదేమో, ఆవిడ అంటున్నారు, ఇప్పటికే కుట్టించుకున్న జాకెట్లు ముప్ఫై ఉన్నాయి, అన్నీ చంక దగ్గర పట్టేస్తున్నాయి, వాటినేం చేయాలి అని. పారేయకండి. పక్క కుట్టు విప్పి లోపల గుడ్డ ఉందేమో చూడండి. ఉంటే అర అంగుళం వదిలి మళ్ళీ కుట్టండి, పని అయిపోతుంది. లేకపోతే మా అమ్మమ్మ ముక్క. మూడున్నర అంగుళాల చదరం, అదే రంగుకి దగ్గరగా ఉన్న నూలు గుడ్డ. చంకలో నాలుగు కుట్లు కలిసే చోట చేతి వైపు రెండు అంగుళాలు, నడుం వైపు రెండు అంగుళాలు విప్పి, ఆ ముక్కని మూల మీద నిలబెట్టి నాలుగు వైపులా అతికించండి. చేయి దించితే ఎవరికీ కనిపించదు. పైగా చెమటకి ముందు చిరిగేది అక్కడే, అప్పుడు ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు.

మీరు ఇప్పుడు వేసుకున్నది కూడా పట్టేస్తోందా? ఇంకో జాకెట్టు సంచిలో తెచ్చారా? తెచ్చారు కదా, చాలా మంచి పని చేశారు. తీయండి. మెరూన్ గుడ్డ ముక్క ఈ పెట్టెలో ఉంది. బల్ల మీద న్యూస్ పేపర్లో కత్తిరించిన కొలతలు 32 నుంచి 42 దాకా ఉన్నాయి, మిగతావాళ్ళు ఎవరిది వాళ్ళు చూసుకుని సుద్దతో పేరు రాసుకోండి. మిషను కిటికీ దగ్గరకి జరుపుదాం, అక్కడ వెలుతురు బాగుంది. బ్లేడు ఎవరి దగ్గరైనా ఉందా? ఇలా ఇవ్వండమ్మా, ముందు ఈ పక్క కుట్టు విప్పుదాం.